న్యాయ కళాశాలలో చేరాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

న్యాయవిద్యలో ప్రవేశాల గురించి ఇటీవల ఈ శీర్షికకు ఎక్కువగా ఉత్తరాలు వస్తున్నాయి. రాసినవారిలో ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రులు మొదలుకొని పదవీ విరమణ చేసినవారి దాకా ఉన్నారు. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే ప్రచురించి జవాబిస్తున్నాం. తేదీలు, రుసుములు ఏటా మారతాయి కనుక వాటి కోసం ఆ సంవత్సరపు ప్రకటననే చూడాలి. ఇక్కడ అర్హతల గురించి, దరఖాస్తు తీరు గురించి, దరఖాస్తుదారులు సాధారణంగా పొరబడే చోట్ల గురించి వివరంగా చెబుతున్నాం.

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. పరీక్షలు ఇంకా పూర్తి కాలేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఇప్పుడే దరఖాస్తు చేసుకోవచ్చా? లాసెట్‌లో అర్హత వస్తే సీటు వచ్చినట్టేనా?
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: చేసుకోవచ్చు. చివరి సంవత్సరం పరీక్షలు రాస్తున్నవారు, రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవారు కూడా న్యాయ కోర్సుల రాష్ట్రస్థాయి ప్రవేశ పరీక్ష అయిన లాసెట్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంది. అయితే కౌన్సెలింగ్‌లో ధ్రువపత్రాల పరిశీలన జరిగే నాటికి డిగ్రీ ఉత్తీర్ణులైనట్టు మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీ చేతిలో ఉండాలి. ఒక్క పేపరు మిగిలిపోయినా, ఎంత మంచి ర్యాంకు అయినా ఆ ఏడాదికి అక్కరకు రాదు. మూడేళ్ల కోర్సుకు ఏ సబ్జెక్టులో డిగ్రీ చేసినా ఫర్వాలేదు కానీ, మొత్తం మార్కుల్లో ఓసీలకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండి తీరాలి. ఇది న్యాయవాద వృత్తిని, న్యాయవిద్యను నియంత్రించే భారత బార్ కౌన్సిల్ 2008లో రూపొందించిన న్యాయవిద్యా నియమావళి ఆధారంగా వచ్చిన నిబంధన కనుక కళాశాల గానీ విశ్వవిద్యాలయం గానీ సడలించగలిగింది కాదు.

తెలంగాణలో లాసెట్‌ను ఉన్నత విద్యా మండలి తరఫున కొన్నేళ్లుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో అక్కడి ఉన్నత విద్యా మండలి ఏదో ఒక విశ్వవిద్యాలయానికి ఆ బాధ్యతను అప్పగిస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహించాయి. ఇవి రెండు వేర్వేరు పరీక్షలు. ఒక రాష్ట్రపు ర్యాంకుతో రెండో రాష్ట్రంలో సీటు రాదు. ప్రకటన సాధారణంగా వేసవికి ముందు వెలువడి, పరీక్ష మే, జూన్ నెలల ప్రాంతంలో జరుగుతుంది.

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే. ముందు రుసుము చెల్లించి, ఆ లావాదేవీ సంఖ్యను దాచుకొని, దాని ఆధారంగా దరఖాస్తు నింపాలి. మీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఏ అక్షరాలతో ఉన్నాయో సరిగ్గా అవే అక్షరాలతో రాయండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక విధంగా, మెమోలో మరో విధంగా ఉన్నవారు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ తేడాను ధ్రువపత్రాల పరిశీలన నాడు కాకుండా ఇప్పుడే సరిచేయించుకోవడం మేలు. గడువు ముగిశాక దరఖాస్తులో పొరపాట్లు దిద్దుకోవడానికి కొద్దిరోజుల అవకాశం ఇస్తారు గానీ, అన్ని వివరాలనూ ఆ సమయంలో మార్చుకోనివ్వరు. ఇంటర్నెట్ కేంద్రంలో దరఖాస్తు నింపించుకునేవారు అక్కడివారి ఫోన్ నంబరును కాకుండా తమ సొంత నంబరునే ఇవ్వాలి. తరువాతి కబురంతా ఆ నంబరుకే వస్తుంది.

ఇక రెండో ప్రశ్న. అర్హత వేరు, సీటు వేరు. పరీక్షలో 120 మార్కులకు 42 వస్తే, అంటే 35 శాతం వస్తే అర్హత సాధించినట్టే. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు. ఈ గీత దాటేవారు ప్రతి ఏటా చాలామందే ఉంటారు. కోరుకున్న కళాశాలలో సీటు మాత్రం ర్యాంకును బట్టి, రిజర్వేషన్‌ను బట్టి, మీరు ఇచ్చే వెబ్ ఆప్షన్లను బట్టి నిర్ణయమవుతుంది. చాలామంది తప్పులో కాలేసేది ఈ ఆప్షన్ల దగ్గరే. ఉస్మానియా విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల పేరు ఒకటీ, ఇంటికి దగ్గరి కళాశాల పేరు ఒకటీ రాసి ఊరుకుంటారు. ఆ రెండింటిలోనూ సీటు రాకపోతే మొదటి విడతలో ఖాళీ చేతులతో మిగిలిపోతారు. మీరు నిజంగా వెళ్లి చదవగలిగిన కళాశాలలన్నిటినీ మీ ఇష్టం ప్రకారం వరుసలో పెట్టండి. సీటు వస్తుందో రాదో అన్న బెంగతో ఇష్టమైన కళాశాలను కిందికి నెట్టకండి, ఎందుకంటే కంప్యూటరు మీ జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ పోయి, ఖాళీ దొరికిన మొదటిచోట ఆగిపోతుంది. సీటు కేటాయించాక గడువులోగా రుసుము చెల్లించి, అసలు ధ్రువపత్రాలతో కళాశాలలో హాజరు కాకపోతే ఆ సీటు రద్దవుతుంది.

మరొక్క మాట. లాసెట్ ఫలితాలు వచ్చాక కౌన్సెలింగ్ మొదలవడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, దానికి ముఖ్య కారణం కళాశాలలకు బార్ కౌన్సిల్ అనుమతుల పునరుద్ధరణ ఆలస్యం కావడమే. ఆలోగా ‘ఎందుకైనా మంచిది’ అని పీజీలో చేరి అసలు టీసీ అక్కడ ఇచ్చేసినవారు, తిరిగి దాన్ని తీసుకోవడానికి మొత్తం కోర్సు రుసుము కట్టాల్సి వచ్చిందని రాసిన ఉత్తరాలు మా దగ్గర ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. లాయరు కావాలని పట్టుదలగా ఉంది. ఎంపీసీ వాళ్లకు లా పనికివస్తుందా? క్లాట్ రాయించాలా, లాసెట్ చాలా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఐదేళ్ల న్యాయశాస్త్ర కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా చెల్లుతుంది. బీఏ ఎల్‌ఎల్‌బీ, బీబీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ అని కోర్సులు ఉంటాయి. లాసెట్‌కు ఇంటర్‌లో ఉండాల్సిన మార్కుల శాతాలు పైన చెప్పినవే.

మీరు ఇప్పుడే అడగడం చాలా మంచిదైంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ విషయంలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నది తెలివితేటలు చాలక కాదు, క్యాలెండరు తెలియక. ఇంజినీరింగ్, మెడిసిన్ ప్రవేశాల అలవాటు కొద్దీ మనం ఇంటర్ పరీక్షలు అయ్యాక ప్రవేశ పరీక్షల గురించి ఆలోచిస్తాం. క్లాట్ అలా జరగదు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగానే డిసెంబరులో పరీక్ష జరిగిపోతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. వేసవిలో ఇంటర్ ఫలితాలు చూసుకుని ‘ఇక లా చేరుదాం’ అనుకున్న విద్యార్థికి ఆ ఏడాది క్లాట్ తలుపు మూసుకుపోయి ఉంటుంది; లాసెట్ గడువు కూడా దాటిపోయే ప్రమాదం ఉంది. కనుక మీ అమ్మాయి వచ్చే వేసవి సెలవుల నుంచే సిద్ధం కావడం మొదలుపెట్టాలి.

క్లాట్‌ను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం నిర్వహిస్తుంది. 2008లో మొదలైన ఈ పరీక్ష ద్వారా దేశంలో 20కి పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలు జరుగుతాయి. మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్ శివార్లలోని శామీర్‌పేటలో ఉన్న నల్సార్, మీ విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ కోవకు చెందినవే. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ అనే సొంత పరీక్ష పెట్టుకుంది. క్లాట్‌లో 2 గంటల్లో 120 ప్రశ్నలకు జవాబులు రాయాలి; ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంటుంది. ఆంగ్లం, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, తార్కిక విశ్లేషణ, కొద్దిపాటి గణితం అనే అయిదు భాగాలూ పొడవైన పేరాలు ఇచ్చి వాటి మీద ప్రశ్నలు అడిగే తీరులో ఉంటాయి. పరీక్ష ఆంగ్లంలోనే. ఇక్కడ కొలిచేది చట్టాల పరిజ్ఞానాన్ని కాదు, చదివినదాన్ని వేగంగా అర్థం చేసుకునే శక్తిని. ఎంపీసీ విద్యార్థులకు గణితం, తర్కం సులువుగానే ఉంటాయి. వెనకబడేది చదివే వేగంలో. రోజూ ఒక ఆంగ్ల దినపత్రిక సంపాదకీయ పుటను శ్రద్ధగా చదివే అలవాటు ఏడాదిపాటు సాగితే, అది చాలా కోచింగులు చేయలేని పని చేస్తుంది.

లాసెట్ స్వభావం వేరు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, తప్పు జవాబుకు కోత లేదు, ప్రశ్నలు సూటిగా ఉంటాయి. కాబట్టి రెండూ రాయించండి. ఒకటి డిసెంబరులో, మరొకటి వేసవిలో జరుగుతాయి కనుక ఒకదానికొకటి అడ్డురావు. అయితే డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో బోధన, వసతి కలిపి ఏడాది ఖర్చు లక్షల్లో ఉంటుంది. విశాఖలోనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ న్యాయ కళాశాల వంటి చోట్ల కన్వీనర్ కోటాలో చదువు అందులో కొద్ది భాగంతోనే పూర్తవుతుంది. జాతీయ విశ్వవిద్యాలయం పేరు పెద్ద న్యాయ సంస్థల ఉద్యోగాలకు నిస్సందేహంగా ఉపకరిస్తుంది. జిల్లా కోర్టులో గానీ హైకోర్టులో గానీ వకీలుగా నిలదొక్కుకోవాలనుకునేవారికి మాత్రం ఆ పేరు కన్నా మంచి సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరడమే ఎక్కువ లాభమని మా అభిప్రాయం.

చేర్పించే ముందు ఒక నియమం గుర్తుంచుకోండి. ఐదేళ్ల కోర్సులో మూడేళ్లు చదివి బీఏ పట్టా పుచ్చుకుని బయటికి రావడానికి బార్ కౌన్సిల్ నియమావళి అనుమతించదు. మనసు మారితే చదివిన ఏళ్లకు పట్టా దక్కదు. మీ అమ్మాయి పట్టుదల మీద అంత నమ్మకం లేకపోతే డిగ్రీ చేసి, ఆపైన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పడేది ఒక్క ఏడాది ఎక్కువే.

ప్రశ్న: పదో తరగతి తరువాత పెళ్లయింది. ఇంటర్ చదవలేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) పెట్టే అర్హత పరీక్ష రాసి నేరుగా బీఏలో చేరి 58 శాతం మార్కులతో పాసయ్యాను. లాసెట్ రాయవచ్చా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: మీకు నచ్చని జవాబే చెప్పాల్సి వస్తోంది. పరీక్ష రాయగలిగినా ప్రవేశం దగ్గర ఆగిపోతారు. దూరవిద్యలో చదివిన ఇంటర్‌ను, దూరవిద్యలో చేసిన డిగ్రీని బార్ కౌన్సిల్ అంగీకరిస్తుంది. అంగీకరించనిది ఇంటర్ వంటి మౌలిక అర్హత లేకుండా సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా నేరుగా పొందిన డిగ్రీని. పది, ఇంటర్, డిగ్రీ అన్న వరుసలో మెట్లన్నీ ఎక్కి ఉండాలన్నది 2008 నియమావళిలోని అయిదో నియమం సారాంశం. కొందరు ఈ సంగతి తెలియక కళాశాలలో చేరిపోయి, మూడేళ్లు చదివి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోబోయినప్పుడు చిక్కుల్లో పడ్డారు. అది అన్నిటికన్నా పెద్ద నష్టం.

డిగ్రీ అయ్యాక ఇప్పుడు ఇంటర్ పాసైతే సరిపోదా అని మీరు అడగవచ్చు. డిగ్రీలో చేరేనాటికి ఆ అర్హత లేదు కనుక, దానితో మూడేళ్ల కోర్సును ఆశించడం సందేహాస్పదమే. దానికన్నా నికరమైన దారి ఇంకొకటి ఉంది. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా ఇంటర్ పూర్తి చేయండి, ఆ ఇంటర్‌తో ఐదేళ్ల లాసెట్ రాయండి. లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. ఇంటర్‌కు పట్టే కాలం కాక మరో రెండేళ్లు ఎక్కువ పడుతుందన్నది నిజమే, కానీ మధ్యలో ఎవరూ ప్రశ్నించలేని చదువు అవుతుంది. మీ బీఏ చదువు ఐదేళ్ల కోర్సులోని మొదటి రెండేళ్ల రాజనీతి శాస్త్రం, చరిత్ర పాఠాలకు ఎలాగూ తోడ్పడుతుంది.

ప్రశ్న: ప్రైవేటు సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. ఒక కళాశాల ఏజెంటు ‘తరగతులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం’ అంటున్నాడు. నమ్మవచ్చా? దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ లేదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నమ్మకండి. న్యాయవాద వృత్తికి పనికొచ్చే ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో గానీ కరస్పాండెన్స్‌లో గానీ లేదు. దూరవిద్యలో దొరికేవి న్యాయ సంబంధమైన డిప్లొమాలు, కొన్ని పీజీ కోర్సులు. వాటితో వకీలు కాలేరు. బార్ కౌన్సిల్ నియమావళి ప్రకారం తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 గంటల లోపు జరగాలి, వారానికి 30 గంటల బోధన ఉండాలి, సబ్జెక్టు వారీగా 70 శాతం హాజరు ఉండాలి. హాజరు చాలలేదన్న కారణంతో విద్యార్థిని పరీక్ష రాయకుండా ఆపరాదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పిన సంగతిని ఇప్పుడు ఏజెంట్లు బాగా ప్రచారం చేస్తున్నారు. ఆ తీర్పు విద్యార్థుల మానసిక ఒత్తిడిని దృష్టిలో ఉంచుకుని వచ్చింది. తరగతి గది ముఖం చూడకుండానే పట్టా ఇప్పించే వ్యాపారానికి అది అనుమతి పత్రం కాదు.

దానికి తోడు 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఒక ఆదేశం జారీ చేసింది. న్యాయ కళాశాలల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు ఉండాలని, చదువుకునే కాలంలో ఉద్యోగం చేస్తున్నారా, మరో రెగ్యులర్ డిగ్రీ చేస్తున్నారా, క్రిమినల్ కేసులు ఉన్నాయా అన్న విషయాల మీద విద్యార్థి ధ్రువీకరణ ఇవ్వాలని అందులో ఉంది. అంటే ఇవాళ దొంగ హాజరు వేయించుకున్నవారు రేపు సంతకం పెట్టి అబద్ధం చెప్పాల్సి వస్తుంది. న్యాయవాద వృత్తిలోకి అడుగుపెట్టే పత్రం మీదే అబద్ధం రాయడం ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం చేసేవారికి దారే లేదా అంటే, ఉంది. మీ ఉద్యోగ వేళలు రాత్రివి అయితే, లేక ఉదయపు తరగతులు నడిపే కళాశాల మీకు అందుబాటులో ఉంటే, యజమాని నుంచి నిరభ్యంతర పత్రం రాయించుకుని, ఆ విషయాన్ని దాచకుండా చెప్పి చేరవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులైతే శాఖాపరమైన అనుమతి తీసుకోవాలి. వీలైతే సెలవు పెట్టి చదవడం ఉత్తమం.

ఏ కళాశాలలో చేరినా, చేరే ముందు ఒక పని చేయండి. ఆ కళాశాలకు ఆ విద్యాసంవత్సరానికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో బార్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి, విశ్వవిద్యాలయ అనుబంధం కొనసాగుతోందో లేదో విశ్వవిద్యాలయంలో విచారించండి. గోడమీద వేలాడే పాత అనుమతి పత్రాన్ని చూసి తృప్తి పడవద్దు. అనుమతి లేని ఏడాదిలో చేరిన విద్యార్థుల డిగ్రీ వకీలుగా నమోదుకు చెల్లదు.

ప్రశ్న: చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. కోచింగ్‌కు వెళ్లే స్తోమత లేదు. లాసెట్‌కు ఇంట్లో ఉండి చదవవచ్చా? ఏం చదవాలి?
– ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: నిశ్చింతగా చదవవచ్చు. లాసెట్ 90 నిమిషాల పరీక్ష, కంప్యూటరు మీద రాయాలి. 120 ప్రశ్నల్లో సాధారణ పరిజ్ఞానం, మానసిక సామర్థ్యం కలిపి 30, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయశాస్త్ర అభిరుచి 60. మూడో భాగమే సగం పరీక్ష కనుక మీ సమయంలో సగానికి పైగా దానికే ఇవ్వండి.

రాజ్యాంగంతో మొదలుపెట్టండి. ఇంటర్ సివిక్స్ పాఠ్యపుస్తకాలు రెండూ శ్రద్ధగా చదివితే పునాది పడుతుంది. ఆ తరువాత ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రాష్ట్రపతి, పార్లమెంటు, సుప్రీంకోర్టు, హైకోర్టులకు సంబంధించిన అధికరణలను సంఖ్యలతో సహా గుర్తుపెట్టుకోండి. 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు, 226వ అధికరణ కింద హైకోర్టుకు రిట్లు అనే ప్రత్యేక ఆదేశాలు జారీ చేసే అధికారం ఉంది; ఈ రెంటి మధ్య తేడా అడగని ఏడాది తక్కువ.

న్యాయ సూత్రాన్ని ఇచ్చి, ఒక సంఘటన చెప్పి, ఫలితం అడిగే ప్రశ్నలు కూడా వస్తాయి. ఉదాహరణకు, ‘మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు’ అన్నది సూత్రం అనుకుందాం. 17 ఏళ్ల కుర్రాడు తన వయసు 19 అని చెప్పి వాయిదాల మీద బండి కొన్నాడు, తరువాత వాయిదాలు కట్టలేదు. ఒప్పందం ఆధారంగా దుకాణదారు డబ్బు రాబట్టుకోగలడా? కుర్రాడు అబద్ధం ఆడాడన్న కోపంతో చాలామంది ‘రాబట్టుకోగలడు’ అని గుర్తిస్తారు. ఇచ్చిన సూత్రంలో అబద్ధం ప్రస్తావనే లేదు కనుక ఒప్పందం చెల్లదన్నదే జవాబు. మన న్యాయబుద్ధిని కాసేపు పక్కనపెట్టి, ఇచ్చిన వాక్యానికే కట్టుబడడం ఈ ప్రశ్నల కిటుకు. 1872 నాటి ఒప్పందాల చట్టం, సివిల్ అపకృత్యాలు (టార్ట్స్), కుటుంబ చట్టాల మౌలిక భావనలను తెలుసుకుంటే ఇవి తేలికవుతాయి.

పుస్తకాలు కొనేటప్పుడు ముద్రణ సంవత్సరం చూడండి. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. హత్యకు శిక్ష విధించే 302 ఇప్పుడు 103 అయింది, జనం నోళ్లలో నానిన 420 ఇప్పుడు 318లోకి వెళ్లింది. పాత ప్రశ్నల సంకలనాలు సగం ధరకు దొరుకుతున్నాయని కొంటే ఈ భాగంలో మార్కులు పోతాయి. రాజ్యాంగ ప్రశ్నల సాధనకు మాత్రం అవి ఇప్పటికీ పనికొస్తాయి.

తప్పు జవాబుకు కోత లేదు కనుక ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టకండి. తెలుగులో ఉన్న ప్రశ్న అనువాదం అర్థం కానప్పుడు పక్కనే ఉన్న ఆంగ్ల పాఠాన్ని చూడండి. కొన్నిసార్లు అదే స్పష్టంగా ఉంటుంది. కళాశాలలో చేరాక ఆంగ్లం ఎలాగూ తప్పదు, హైకోర్టు వ్యవహారమంతా ఆ భాషలోనే నడుస్తుంది. కానీ కింది కోర్టులో సాక్షి చెప్పే తెలుగును అర్థం చేసుకుని, సూటిగా ప్రశ్న వేయగలిగిన వకీలుకు ఉండే బలం మీకు ఇప్పటికే ఉంది.

ప్రశ్న: మాది సిరిసిల్ల. మరమగ్గాల పని మీద పన్నెండేళ్ల కిందట మహారాష్ట్రలోని భివండీ వచ్చాం. మా అబ్బాయి ఇక్కడే పన్నెండో తరగతి చదువుతున్నాడు. హైదరాబాద్‌లో లా చదివించాలని ఉంది. వాడు లోకల్ అవుతాడా?
– ఒక తండ్రి, భివండీ

జవాబు: మీరు చెప్పిన వివరాల ప్రకారం అబ్బాయి లోకల్ కాడు. 371–డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికత ప్రధానంగా విద్యార్థి చదివిన చోటును బట్టి తేలుతుంది; అర్హత పరీక్షతో, అంటే మీ అబ్బాయి విషయంలో పన్నెండో తరగతితో, ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నది మొదటి కొలమానం. స్వగ్రామం, ఓటరు కార్డు, రేషన్ కార్డు ఇక్కడ లెక్కలోకి రావు.

అయినా అవకాశం పోలేదు. కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకు పోగా మిగిలిన 15 శాతానికి, చదువు బయట సాగినా, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉన్న అభ్యర్థులు పోటీ పడవచ్చు. మీరు సిరిసిల్లలో పుట్టి పెరిగినవారైతే ఈ షరతు తీరినట్టే. మీ పాత నివాసాన్ని ధ్రువీకరిస్తూ తహసీల్దారు ఇచ్చే పదేళ్ల నివాస ధ్రువపత్రం కావాలి. పాత రికార్డులు తిరగేయాల్సిన పని కనుక దానికి సమయం పడుతుంది. దసరాకో సంక్రాంతికో ఊరు వెళ్లినప్పుడే మీసేవలో దరఖాస్తు పెట్టండి. విభజన చట్టం కల్పించిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది, ఆ తరువాత స్థానికత నిబంధనలను రెండు రాష్ట్రాలూ సవరించుకున్నాయి. అందువల్ల పాత కరపత్రాలు నమ్మకుండా ఆ ఏటి ప్రకటననే చదవండి.

ఈ 15 శాతంలో పోటీ గట్టిగా ఉంటుంది. అబ్బాయి చదువు అక్కడే సాగింది కనుక మహారాష్ట్ర ప్రభుత్వం నిర్వహించే లా సీఈటీ కూడా రాయించండి. డొమిసైల్ (స్థిరనివాస) పత్రం తీసుకోగలిగితే అక్కడి రాష్ట్ర కోటా మీకు ఎక్కువ అనుకూలం కావచ్చు.

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ కాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయవచ్చని మా సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఇప్పుడు కాదు. కనీసం మూడేళ్లు న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మే 20న ఇచ్చిన తీర్పులో తిరిగి ప్రవేశపెట్టింది. ఆ మూడేళ్లను రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (వకీలుగా నమోదు) తేదీ నుంచి లెక్కిస్తారు, న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా కలుపుతారు. కాబట్టి చదువు పూర్తికాగానే ఎన్‌రోల్‌మెంట్‌ను వాయిదా వేయకండి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. వయసు 61. ఎల్‌ఎల్‌బీ చేసి కోర్టులో వాదించాలన్న కోరిక ఉంది. పింఛను తీసుకుంటున్నవారు వకీలుగా ఉండకూడదని ఒకరు చెప్పారు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీకు చెప్పినవారు పొరబడ్డారు. బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించినది వకీలుగా ఉంటూ పూర్తికాల జీతపు ఉద్యోగం చేయడాన్ని. పింఛను జీతం కాదు. 45 ఏళ్లు దాటినవారిని వకీళ్లుగా నమోదు చేయరాదని ఒకప్పుడు బార్ కౌన్సిల్ పెట్టిన నియమాన్ని సుప్రీంకోర్టు 1995లో కొట్టివేసింది. కోర్సులో చేరడానికి వయోపరిమితి పెట్టాలన్న ప్రయత్నాలు కూడా న్యాయవివాదాల్లో చిక్కుకుని నిలవలేదు. మీరు నిరభ్యంతరంగా లాసెట్ రాయవచ్చు. మీకు ఎదురయ్యే కష్టం నలభై ఏళ్ల కిందటి ధ్రువపత్రాలు వెతకడమే. డిగ్రీ పట్టా, మార్కుల మెమోలు పోయి ఉంటే విశ్వవిద్యాలయం నుంచి నకళ్లు ఇప్పుడే తెప్పించుకోండి, వాటికి నెలలు పడుతుంది. ఆనాటి డిగ్రీలో మీకు 45 శాతం మార్కులు ఉన్నాయో లేదో కూడా ముందే చూసుకోండి. అప్పట్లో థర్డ్ క్లాసులో పాసైనవారు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు.

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, తాత్కాలిక నమోదు గడువైన రెండేళ్లలోగా అఖిల భారత బార్ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు వ్యాఖ్యానాలు లేని మూల చట్టాల ప్రతులు వెంట తీసుకెళ్లవచ్చు. నమోదు రుసుము పేరుతో వేలకు వేలు అడుగుతారని మీరు భయపడనక్కర్లేదు. 1961 నాటి న్యాయవాదుల చట్టంలో చెప్పినదానికి మించి వసూలు చేయరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. స్టాంపు సుంకం దీనికి అదనం.